డైక్‌స్ట్రా చిన్న వ్యాసములు

పరిశోధకుని గొప్పతనమును అతడు ప్రచురించిన వ్యాసముల సంఖ్యను బట్టి లెక్కించుట నేడు విశ్వవిద్యాలయములందు పరిపాటి అయినది. ఆ లెక్క ఒక్కొక్కచోట మోసము చేయును. హాలెండు దేశీయుడగు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములలో కొన్ని ఒకటి రెండు పుటలకు మించవు. అనేక యంత్రములు కూడి పనిచేయు విధానమును గూర్చిన శాస్త్రమునకు అవియే పునాదులైనవి.

డైక్‌స్ట్రా 1930లో రోటర్‌డామ్ నగరమున జన్మించెను. తండ్రి రసాయన శాస్త్రమును బోధించువాడు. 1957లో వివాహ సమయమున వృత్తి యేమని ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అడుగగా, తాను ప్రోగ్రామరునని ఆయన చెప్పెను. అట్టి వృత్తి లేదని వారు త్రోసివేసిరి. తుదకు పత్రమున సైద్ధాంతిక భౌతిక శాస్త్రజ్ఞుడని వ్రాయవలసి వచ్చెను!

1965 సెప్టెంబరులో అమెరికాలోని ఒక కంప్యూటరు శాస్త్ర మాసపత్రికలో ఆయన వ్యాసమొకటి వెలువడెను. అది ఒక్క పుట మాత్రమే. అందలి చిక్కు ఎట్టిదో గమనింపుడు. గ్రామమున బావికి ఒకే చేద యున్నదనుకొనుడు. ఇద్దరు స్త్రీలు ఒకే క్షణమున వచ్చి, చేద ఖాళీగా నున్నదని చూచి, ఇద్దరును చేయి చాతురు. మనుష్యులు గనుక ఒకరి మొగమొకరు చూచుకొని సర్దుకొందురు. యంత్రములకు ఆ మొగమాటము లేదు. చూచుటకును తీసికొనుటకును నడుమ నుండు రెప్పపాటులో రెండవ యంత్రము చొరబడును. ఒక ఖాతాలో 100 రూపాయలున్నవి. ఒక యంత్రము 50, మరియొకటి 30 రూపాయలు అందు జమకట్టవలెను. రెండును ఒకేసారి 100 అను అంకెను చదివినచో, ఒకటి 150 అనియు, వేరొకటి 130 అనియు వ్రాయును. తరువాత వ్రాసినదే నిలుచును. 180 ఉండవలసిన చోట మిగిలిన సొమ్ము మాయమగును.

రెండు యంత్రముల నడుమ ఈ చిక్కును హాలెండు గణితజ్ఞుడు డెక్కర్ అంతకు ముందే విడదీసెను. యంత్రములెన్ని యున్నను చెల్లు ఉపాయమును డైక్‌స్ట్రా చూపి, అది సరియని నిరూపణమును గూడ ఆ పుటలోనే ఇమిడ్చెను. కొలది మాసములకే ఒక పాఠకుడు అంతకన్న సులభమైన ఉపాయము దొరికినదని ప్రకటించెను. చూచుటకు ముచ్చటగా నుండెను గాని అది తప్పు. ఆ తప్పును 1966లో డొనాల్డ్ కనూత్ పట్టి చూపెను. అంతటితో ఊరకుండక, డైక్‌స్ట్రా పద్ధతిలో ఒక యంత్రమునకు ఎన్నటికిని వంతు రాకపోవచ్చునని కూడ వెల్లడించి, వేరొక పద్ధతిని ప్రతిపాదించెను.

ఉన్న వనరులను పంచుటను గూర్చి డైక్‌స్ట్రా షావుకారును ఉదాహరణముగా గైకొనెను. షావుకారు వద్ద మొత్తము 10 వేలు గలవు. రామయ్యకు 8 వేల వరకును, సోమయ్యకు 6 వేల వరకును ఇత్తునని మాట యిచ్చినాడు. పూర్తి మొత్తము చేతికందిన గాని వారి పని ముగియదు, బాకీ తీరదు. ఇప్పటికి రామయ్య 4 వేలు, సోమయ్య 3 వేలు తీసికొనిరి. పెట్టెలో 3 వేలున్నవి. ఇప్పుడు రామయ్య 2 వేలడిగినచో ఈయవచ్చునా? ఇచ్చినచో మిగులునది వేయి; రామయ్యకింకను 2 వేలు, సోమయ్యకు 3 వేలు కావలెను. ఎవరి పనియు సాగక ముగ్గురును చిక్కుపడుదురు. కావున తెలివిగల షావుకారు రామయ్యను ఆగుమని, ముందు సోమయ్య పని గడుపును. యంత్రములకు వనరులను పంచునపుడు ఇట్లే ముందు చూపు ఉండవలెనని ఆయన భావము.

డైక్‌స్ట్రా తన వ్రాతలన్నిటిని పత్రికలకు పంపలేదు. వరుస సంఖ్యలు వేసి, ప్రతులు తీయించి మిత్రులకు తపాలాలో పంపెడివాడు. వారు మరల ప్రతులు తీసి ఇతరులకిచ్చెడివారు. అట్టివి 1300కు పైగా గలవు. పెక్కింటిని ఆయన కలముతో అందమైన దస్తూరీలో వ్రాసెను.

1974లో ఆయన రెండు పుటల వ్యాసము నొకదానిని ప్రచురించెను. యంత్రముల సమూహము ఎట్టి తప్పు స్థితిలో పడినను, ఎవరి ఆజ్ఞయు లేకయే తనంతట తాను సరియైన స్థితికి మరలి రాగలదని అందు చూపెను. దాదాపు పదేండ్లు దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1983లో లెస్లీ లాంపోర్ట్ ఒక సభలో దానిని మెచ్చుకొనిన పిమ్మట పండితుల దృష్టి దానిపై పడెను. 2002లో ఆ వ్యాసమునకే ఒక పురస్కారము లభించెను. ఆ ఆగస్టు 6వ తేదీన డైక్‌స్ట్రా నూనెన్ గ్రామమున కన్ను మూసెను. మరుసటి సంవత్సరమునుండి ఆ పురస్కారమును ఆయన పేరిటనే ఇచ్చుచున్నారు.