పాఠం: పునాది గోడల్లో పగుళ్లు – కారణాలు, మరమ్మతు

ఈ పాఠం చదివిన తరువాత మీరు గోడ పగులు పైపూతదో, పునాదిదో గుర్తించగలుగుతారు. చిన్న పగుళ్లను బాగు చేయగలుగుతారు. ఇంజనీరును ఎప్పుడు పిలవాలో చెప్పగలుగుతారు.

గోడ పగిలితే మనం ఏం చేస్తాం? గుప్పెడు సిమెంటు కలిపి పూసి, పైన సున్నం వేస్తాం. మరుసటి ఏడాది అదే చోట మళ్లీ పగులుతుంది. మేస్త్రిని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు మేస్త్రిది కాదు, గోడ కింది నేలది.

నేల ఎందుకు కదులుతుంది?

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో కిరుమాంబాక్కం అనే ఊరు ఉంది. తూర్పున సముద్రం, పడమట బాహూర్ చెరువు, వరి పొలాలు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తరువాత నెలల తరబడి ఎండ. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఆ వెంటనే తెన్‌పెణ్ణై నదికి వరద వచ్చి బాహూర్ ప్రాంతంలోని ఊళ్లను ముంచింది. ఇలాంటి చోట బంకమట్టి నీరు తాగి ఉబ్బుతుంది, ఎండి కుంగుతుంది. ఇసుక నేల అయితే పారే నీటితో పాటు కొట్టుకుపోయి పునాది కింద ఖాళీ ఏర్పడుతుంది. అందుకే వరద తగ్గాక, ఒక్కోసారి నేల ఆరిన కొన్ని వారాలకు, పగులు బయటపడుతుంది.

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలో ఈ ఉబ్బడం, కుంగడం మరీ ఎక్కువ. అలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గంటలా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించింది. కొత్త ఇల్లు కట్టేవారు దీని గురించి ఇంజనీరును అడగాలి.

పగులును పరిశీలించడం

పైపూతలో మాత్రమే వెంట్రుకలా కనిపించే గీతలకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులు వేరు. అది పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే సాధారణంగా ఇంటి ఒక చివర కుంగుతోందని అర్థం. కింద వెడల్పుగా ఉంటే మధ్య భాగం కుంగి ఉండవచ్చు. బేస్‌మట్టం గోడ అడ్డంగా పగిలి బయటికి ఉబ్బితే, లోపల నింపిన మట్టి తడిసి గోడను తోస్తున్నదేమో చూడాలి.

పగులు ఇంకా కదులుతున్నదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికే వరకు సిమెంటు ముట్టుకోకండి. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు చివరలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గమనించడం మంచిది. ఓపిక కావాలి, కానీ ఖర్చు లేదు.

మరమ్మతు

ముందు నీటిని మళ్లించండి. చూరు నీరు, స్నానాల నీరు గోడ మొదట్లో పడకూడదు. ఇంటి చుట్టూ సుమారు రెండడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా గచ్చు చేయించండి. గోడ పక్కన మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే తీసేయండి. అయితే బంకమట్టిలో పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే, అది పీల్చే నీరు నేలలోనే మిగిలి మట్టి ఉబ్బుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

కదలిక ఆగిందని తేలాక పగులును ఉలితో వెడల్పు చేసి, దుమ్ము దులిపి, నీటితో తడపండి. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలును లోపలి దాకా కూరండి. పైన కోళ్ల గూటి జాలీ వంటి సన్నని ఇనుప జాలీ బిగించి పూత వేస్తే పగులు తిరిగి తేలే అవకాశం తగ్గుతుంది. కనీసం ఏడు రోజులు తడపాలి.

పగులు 5 మిల్లీమీటర్లు దాటినా, గోడ వాలినా, తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తున్నా సొంత వైద్యం వద్దు, ఇంజనీరును పిలవండి. ఆయన వచ్చేదాకా ఆ గోడ పక్కన ఎవరినీ పడుకోనివ్వకండి. గట్టి చేద్దామని పునాది పొడవునా ఒకేసారి తవ్వితే గోడ కూలుతుంది. ఆ పని ఇంజనీరు పర్యవేక్షణలో, కొద్దికొద్ది భాగాలుగా మాత్రమే జరగాలి.

మీరు చేయవలసిన పని: మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఒక పగులును ఎంచుకోండి. అది ఎక్కడ మొదలైంది, ఏ చివర వెడల్పుగా ఉంది, ఆ పక్కన నీరు ఎటు పోతోంది? నోటు పుస్తకంలో బొమ్మ గీసి, తేదీ వేయండి. నెల తరువాత మళ్లీ కొలిచి, తేడాను దాని కింద రాయండి.