బహుగ్రంథ పఠనము – రచనాశక్తి

మాట వినుటచేత వచ్చును. వ్రాత చదువుటచేత వచ్చును. ఇంటిలో తెలుగు విని పెరిగిన బిడ్డ చక్కగా మాటలాడును గాని, నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో తడబడును. ఇది తెలివి లోపము కాదు, పఠన లోపము.

ఒక్క పుస్తకమే చదివినవాడు ఆ పుస్తకమువలె వ్రాయును. పెక్కు పుస్తకములు చదివినవాడు తనవలె వ్రాయును. ఇందుకు కందుకూరి వీరేశలింగం పంతులుగారే (1848–1919) నిదర్శనము. పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ను ప్రౌఢమైన గ్రాంథిక వచనమున రచించెను. అందు మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే యున్నవి. మిగిలిన సంధి, విగ్రహములను వీరేశలింగంగారు సూరిగారి శైలినే అనుసరించి వ్రాసిరి. సంస్కృతమున, ఆంగ్లమున విరివిగా చదివిన ఆయన క్రమముగా సులభ వచనమును అలవరచుకొనిరి. గోల్డ్‌స్మిత్ వ్రాసిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నవల ప్రేరణతో 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను ప్రకటింప నారంభించిరి. అయినను ఆ కథ ఇంగ్లండున జరుగదు. గోదావరీ తీరమున ధవళేశ్వరమున మొదలగును. విత్తనము పరాయిదైనను, పంట సొంత నేలదే.

ఒక్కొక్క గ్రంథము ఒక్కొక్క గుణము నేర్పును. వేమన పద్యములు కొద్ది మాటలలో గొప్ప భావమును చెప్పుట నేర్పును. పోతన భాగవతము పదముల నాదమును చెవికి అలవాటు చేయును. గురజాడ ‘కన్యాశుల్కము’ విజయనగర ప్రాంతపు వాడుక మాటను అచ్చులో చూపును. విశాఖపట్నం జిల్లానుండి గిర్మిట్‌పై ఫిజీకి వెళ్లినవారి మనుమలకు ఆ నాటకమున తాతల పలుకు వినబడవచ్చును.

ఇతరుల సాహిత్యమును కూడ చదువవలెను. న్యూజీలాండున విటి ఇహిమేరా 1972లో ‘పౌనము పౌనము’ అను కథల సంపుటిని ప్రకటించెను. మావోరీ రచయిత కథల సంపుటి అచ్చగుట అదియే మొదలు. ఆంగ్లమున వ్రాసినను ఆయన చెప్పినది తన జనుల పల్లె బ్రదుకే.

దక్షిణ భారతమునుండి గిర్మిట్ కూలీలు ఫిజీకి చేరుట 1903లో మొదలయ్యెను. 1941లో అచ్చటి తెలుగువారు ఆంధ్ర సంగమును స్థాపించుకొనిరి. చెరకు తోటల కష్టములు, ఓడ ప్రయాణము, పెండ్లి పాటలు చాల కుటుంబములలో నోటి మాటగానే నిలిచినవి. వాటిని తెలుగున వ్రాయగలవారు లేనిచో, చెప్పగల పెద్దలతోనే అవి అంతరించును.

కావున పిల్లలు వారమునకొక క్రొత్త రచనను, అది కథయైనను, పద్యమైనను, పత్రికా వ్యాసమైనను, బిగ్గరగా చదువవలెను. పిదప పుస్తకము మూసి, చదివినదానిని సొంత మాటలలో ఐదు వాక్యములు వ్రాయవలెను. అటుపై అవ్వ చెప్పిన సంగతి నొకదానిని వ్రాసి, ఆమెకే చదివి వినిపింపవలెను. ఆమె దిద్దిన మాట ఏ నిఘంటువునను దొరకకపోవచ్చును. దానిని పదిలముగా వ్రాసికొనుటయే మంచి రచనకు తొలి మెట్టు.