ఎలుకల బోను: పట్టవలసినది, విడువవలసినది

(వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. (వ్యవసాయము), పెన్‌పహాడ్ మండలము)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వరియే ప్రధానమైన పంట. 1967వ సంవత్సరములో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలయైన పిదప ఎడమ కాలువ క్రింద వరిసాగు విస్తరించినది. కాలువ నీరున్న చోటులందేగాక, బావులు, బోర్లు, చెరువులు గల చోటులందును వానకాలపు పంట, యాసంగి పంట ఒకదాని వెంట నొకటి వచ్చుచున్నవి. రైతునకు రెండు పంటలు పండిన చోట ఎలుకకును ఏడాదిలో రెండుసార్లు విందు దొరకుచున్నది.

మన పొలములలో ఎక్కువ నష్టము చేయునది చిన్న పందికొక్కు జాతి. ఇది గట్టును తొలిచి కలుగు చేయును. తవ్విన మట్టిని బయట కుప్పగా పోసి, ద్వారమును మట్టితోనే మూసికొనును. ఈనిక దశలో వరి దుబ్బులను కొరుకును. గింజ గట్టిపడిన పిదప వెన్నులను కలుగులోనికి చేర్చికొనును. గట్టులో కలుగులు పడినచో మడిలో నీరు కూడ నిలువదు. దీని గర్భకాలము సుమారు మూడు వారములు మాత్రమే. ఈతకు ఆరేడు పిల్లలు పెట్టుట సాధారణము. ఇండ్లలోను, గాదెల వద్దను తిరుగు పెద్ద పందికొక్కు వేరు జాతి. ఇంగ్లీషువారు 'బాండికూట్' అను మాటను మన 'పందికొక్కు' నుండియే గ్రహించిరి. దీనినిబట్టి ఇది మనకు ఎంత పాత శత్రువో తెలియును.

ఎలుకల నివారణకు మందు ఎరలు, పొగబెట్టుట, బుట్టలు, బోనులు మున్నగు పద్ధతులు కలవు. ఈ వ్యాసమున బోనును గూర్చి మాత్రమే వివరింపబడును.

బోను ఎక్కడ పనికివచ్చును?

జింకు ఫాస్ఫైడు కడుపులో చేరగానే విషవాయువుగా మారును. దానికి విరుగుడు మందు లేదు. కావున పిల్లలు తిరుగు ఇంటిలోను, పశువుల కొట్టములోను, వడ్లు నిలువచేసిన గదిలోను, కోళ్లగూటి వద్దను దానిని వాడరాదు. బ్రోమడయోలోను తిన్న ఎలుక కొన్ని దినములకు గాని చావదు. ఈలోగా దానిని పట్టి తిన్న గుడ్లగూబకును, పిల్లికిని ఆ విషము సోకును. ఇట్టి చోట్ల బోను మేలైన సాధనము. బోనులో పడిన జంతువు ప్రాణముతో ఉండును గనుక, పడినది ఏదియో చూచి, తగినట్లు చేయుటకు మనకు వీలుండును. బోను యొక్క ముఖ్యమైన గుణము ఇదియే. అయితే ఆ గుణము మనము వేళకు వెళ్లి చూచినప్పుడే ఫలించును.

బోను ఎన్నిక

బజారులో రెండు రకములు దొరకును. ఒకటి, ఎరను లాగగానే తలుపు పడిపోవునది. ఇందులో సారికి ఒక ఎలుక మాత్రమే పడును. రెండవది, లోనికి పోవు దారి ఉండి తిరిగి వచ్చుటకు వీలులేనిది. దీనిని వండర్ బోను అందురు. ఇందులో ఒకే రాత్రి అనేక ఎలుకలు పడవచ్చును. బోను ఇనుప తీగెతో చేసినదై ఉండవలెను; చెక్కను ఎలుక కొరికి బయటపడును. తీగెల సందు అరంగుళమునకు మించరాదు. ఎలుకలకు చిన్న బోను చాలును. అవసరము లేకుండ పెద్ద బోను కొనుట డబ్బు దండుగయే గాక, దాని వలన ఇతర నష్టము కూడ కలుగును. ఆ సంగతి ముందు తెలియగలదు.

పెట్టు విధానము

మొదట పారుచున్న కలుగు ఏదో తెలిసికొనవలెను. సాయంకాలము కలుగులన్నిటిని మట్టితో మూయవలెను. మరునాటి ఉదయము తెరచియున్నవే ఎలుకలున్న కలుగులు. వాటి సమీపమున, గట్టు వెంట ఎలుక నడచు బాటలో బోను పెట్టవలెను. ఇంటిలో నైనచో గోడ ప్రక్కన, గోడకు ఆనించి పెట్టవలెను. ఎలుక నట్టనడుమ నడువదు. గోడను రాచుకొని పోవును.

ఎలుక క్రొత్త వస్తువును చూచి బెదరును. కావున మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండ కట్టివేసి, లోపల ఎర మాత్రము ఉంచవలెను. అది భయము మాని ఎర తినుటకు అలవాటుపడిన పిదప కట్టు విప్పవలెను. ఈ ఓపిక లేక మొదటి రాత్రియే బోను బిగించి, ఏమియు పడలేదని మూలకు విసరివేయువారు చాలమంది కలరు.

ఒక రైతు ఒక్కడే పట్టినచో ప్రక్క పొలము ఎలుకలు వచ్చి ఆ కలుగులలోనే చేరును. ఒక చెరువు క్రింది ఆయకట్టువారు, లేక ఒక తూము క్రిందివారు, అందరును ఒకే వారములో ఈ పని చేయవలెను. నాట్లకు ముందును, పైరు పొట్టకు రాకముందును ఇందుకు తగిన కాలము. గింజ పాలుపోసికొనిన పిదప ఎలుకకు బోనులోని ఎరపై ఆశ ఉండదు.

నా వలన జరిగిన పొరపాటు

ఒక యాసంగి కోతల కాలమున మండలములోని ఒక రైతు కళ్ళము వద్ద పందికొక్కులు వడ్ల రాశిని తవ్వుచున్నవని నా వద్దకు వచ్చెను. నేను ఒక పెద్ద బోను ఇప్పించి, ఎండుచేప ఎర పెట్టుమని చెప్పితిని. బిగించు విధము చూపితిని. పగలు దానిని మూసివేయవలెనని మాత్రము చెప్పలేదు. నాకు అప్పుడు తోచలేదు.

మూడవ నాడు మధ్యాహ్నము నేను వెళ్లునప్పటికి బోను ఎండలో ఉన్నది. అందులో ఒక ముంగిస చచ్చిపడియున్నది. ఉదయమే పడి ఉండును. రైతు కోతమిషను వెంట ఉండి అటువైపు చూడలేదు. ఆయన నన్ను నిందింపలేదు. "సారూ, ఎలుకల బోను ఇచ్చిండ్రు, పడ్డది ముంగిస. ఎలుకలు మాత్రం బయట్నే ఉన్నయి" అని మాత్రమనెను. నాకు బదులు పలుకుటకు నోరు రాలేదు. ఆ కళ్ళము వద్ద జీతము లేకుండ ఎలుకలను పట్టుచున్న దానినే మేమిద్దరము కలిసి చంపితిమి.

నాటి సాయంకాలము ఎర మార్చి, వేయించిన వేరుశనగ పప్పు పెట్టి, చీకటి పడిన పిదప బోను తెరచితిమి. రెండు రాత్రులు తలుపు కట్టియుంచి మూడవ రాత్రి బిగించితిమి. తెల్లవారునప్పటికి ఒక పందికొక్కు పడెను. ఆ తరువాత మరికొన్ని పడెను. ముంగిస మరల పడలేదు.

మూడు జాగ్రత్తలు

ఈ అనుభవము వలన నేను నేర్చి, ఇప్పుడు ప్రతి గ్రామములోను చెప్పుచున్న జాగ్రత్తలు మూడు.

1. వేళ: ఎలుకలు, పందికొక్కులు ముఖ్యముగా రాత్రి తిరుగును. ముంగిస పగలు తిరుగును. కావున బోనును పొద్దు గ్రుంకిన పిదప తెరచి, తెల్లవారగానే చూచి, పగలంతయు మూసియుంచవలెను. చూచుటకు వీలుకాని రాత్రి బోను బిగించనే రాదు.

2. ఎర: ఎండుచేప, మాంసపు ముక్క పెట్టినచో ముంగిస, పిల్లి, కుక్క కూడ వచ్చును. పొలములోను కళ్ళములోను వేరుశనగ పప్పు, కొబ్బరి ముక్క, నూనె కలిపిన నూకలు పెట్టవలెను.

3. పరిమాణము: ఎలుక పట్టు బోనులో బావురుపిల్లి దూరలేదు. బోను చిన్నదైన కొలది పొరపాటు తగ్గును.

పడరానిది పడినచో

మన పొలముల చుట్టును ముంగిస, బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్క, గుంటనక్క తిరుగుచుండును. ఇవి అన్నియు ఎలుకలను తినునవే. రాజస్థానములోని సరిస్కా అడవిలో జరిగిన పరిశీలన ననుసరించి ఒక బావురుపిల్లి దినమునకు మూడు నుండి అయిదు వరకు ఎలుకజాతి జంతువులను తినునని అంచనా. అనగా ఏడాదికి వేయికి పైమాటయే. గుడ్లగూబ, సర్పము కూడ ఇట్టి పనివాండ్రే.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున 'వేట' అనగా చంపుట మాత్రమే కాదు. వల వేయుట, ఉచ్చు పన్నుట, బోనులో పట్టుట కూడ వేటయే. ఈ చట్టము 2022లో సవరింపబడినది. పైన చెప్పిన ముంగిస, బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్కలు రక్షణ గల జంతువులు. అనుమతి లేక వీటి కొరకు బోను పెట్టినవారికి జైలు శిక్షయు, జరిమానాయు కలవు. వీటి చర్మమును గాని వెంట్రుకలను గాని కొనుటయు అమ్ముటయు నేరమే. ముంగిస వెంట్రుకలతో చిత్రకారుల కుంచెలు చేయుటకై దేశములో వేలకొలది ముంగిసలను చంపుచుండిరి. 2019లో వన్యప్రాణి నేరముల నియంత్రణ సంస్థవారు ఈ వ్యాపారముపై అనేక రాష్ట్రములలో దాడులు జరిపిరి. ఎవరైన గ్రామమునకు వచ్చి "ముంగిసను పట్టి ఇచ్చినచో డబ్బు ఇచ్చెదము" అనినచో నమ్మి చిక్కులలో పడరాదు.

పొరపాటున ఇట్టి జంతువు బోనులో పడినచో ఈ విధముగా విడువవలెను. పిల్లలను, కుక్కలను దూరముగా పంపవలెను. బోనుపై గోనెపట్టా కప్పినచో జంతువు నెమ్మదించును. మనము బోను వెనుక నిలిచి, తలుపు పొదల వైపు ఉండునట్లు చూచి, పొడవైన కర్రతో తలుపు ఎత్తి, కదలక నిలువవలెను. అది తనంతట తానే పోవును. చేతితో తాకరాదు, కరచినచో గాయమును సబ్బుతో బాగుగా కడిగి వెంటనే ఆసుపత్రికి పోయి కుక్కకాటు టీకాలు వేయించుకొనవలెను. పట్టిన చోటనే విడువవలెను గాని వేరు ఊరికి కొనిపోరాదు. గాయపడియున్నచో అటవీశాఖవారికి కబురు చేయవలెను.

కోళ్ల సంగతి

ఈ మాటలు చెప్పినప్పుడు ఒక గ్రామములో ఒక అవ్వ లేచి, "పిల్లిని ఇడువుమంటివి బిడ్డా, మరి నా కోళ్లు పోతే ఎవలిస్తరు?" అని అడిగెను. ఆమె అడిగినది న్యాయమైన మాట. నాలుగు కోళ్లే ఆమెకు చేతి ఖర్చు. ఆమెకు చట్టము చెప్పి ఊరకుండుట తగదు.

పిల్లిని పట్టిన మాత్రమున కోళ్లు దక్కవు. ఒకటి పోయినచో మరియొకటి వచ్చును. గూడు గట్టిగా ఉన్నచో ఏదియు రాలేదు. మన ప్రాంతమున నాపరాళ్లు దొరకును. గూటి క్రింద నాపరాళ్లు పరచి, చుట్టును అరంగుళపు కన్నుల ఇనుప జాలి బిగించి, జాలిని అడుగు లోతు వరకు భూమిలో పాతవలెను. తలుపునకు రెండు గడియలు పెట్టవలెను. పొద్దు గ్రుంకక మునుపే కోళ్లను మూయవలెను. గూటి వద్ద రాలిన గింజలను ఊడ్చివేసినచో ఎలుకలు రావు. ఎలుకలు రానిచో వాటి వెంట పిల్లి కూడ తక్కువగా వచ్చును. ఆ అవ్వ గూటికి జాలి బిగించునప్పుడు నేనును వెళ్లి చూచితిని.

కోతులను గూర్చి

కోతులను పట్టుటకు రైతులు తాముగా బోనులు పెట్టరాదు. గ్రామ పంచాయతీ ద్వారా అటవీశాఖవారిని సంప్రదింపవలెను. నిర్మల్ జిల్లా చించోలిలో 2020వ సంవత్సరమున కోతుల సంరక్షణ కేంద్రము ప్రారంభింపబడినది. అక్కడ కోతులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయుదురు. ఒక ఊరి కోతులను పట్టి మరియొక ఊరి పొలిమేరలో విడుచుట సమస్యను పొరుగువాని నెత్తిన వేయుటయే అగును.

పట్టిన ఎలుకలను ఏమి చేయవలెను?

ఎలుకలను కూడ దూరముగా కొనిపోయి విడువరాదు. బోనును గోనెసంచి మూతికి ఆనించి ఎలుకను సంచిలోనికి దులిపి, ఒక్క బలమైన దెబ్బతో ముగించవలెను. ఎండలో మాడ్చుట, నీటిలో ముంచుట, నిప్పు పెట్టుట క్రూరకార్యములు. జంతువులను అనవసరముగా హింసించుట 1960వ సంవత్సరపు చట్టము ననుసరించి నేరము కూడ. చచ్చిన ఎలుకలను రెండడుగుల లోతున పాతవలెను. ఎలుక మూత్రము వలన ఎలుక జ్వరము సోకును. చేతికి తొడుగు లేక పాలిథిన్ సంచి లేకుండ ఎలుకను గాని బోనును గాని తాకరాదు. పని ముగిసిన పిదప బోనును వేడినీటితో కడిగి ఆరబెట్టవలెను.

ఎలుకల నివారణలో శిక్షణ కోరువారు గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమును గాని, తమ మండల వ్యవసాయాధికారిని గాని సంప్రదింపవచ్చును. వచ్చు వానకాలపు నాట్లకు ముందు ప్రతి ఆయకట్టు రైతులు కూడి, ఒక వారము నిర్ణయించుకొని, బోనులను సిద్ధపరచుకొందురుగాక. ఆ వారమంతయు తెల్లవారగానే బోనులు చూచి వచ్చు బాధ్యతను ఎవరో ఒకరికి ముందుగానే అప్పగింపవలెను. అట్టి మనిషి దొరకని ఊరిలో బోనులు పెట్టకుండుటయే మేలు.