ఒకే కుర్చీ, మూడు వాద్యాలు

ఇది శాక్సఫోన్ వాయించడం వచ్చి, దాంతోనే బతకాలని నిర్ణయించుకున్నవాళ్ల కోసం. ఇంట్లో ఎంతమంది వద్దన్నా మానలేనివాళ్ల కోసం. అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట: క్లారినెట్ కూడా నేర్చుకోండి. పేరు, బృందం, ఆల్బమ్ అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

జాజ్ బృందంలో రీడ్ వాద్యాల వరసలో కూర్చున్నవాళ్లు 1920ల నుంచీ ఒక్క వాద్యంతో వచ్చినవాళ్లు కారు. పాట మధ్యలో శాక్సఫోన్ దించి, క్లారినెట్ అందుకుని, తన ముక్క వాయించి, మళ్లీ శాక్సఫోన్ ఎత్తుకోవడం ఆ ఉద్యోగంలో భాగం. హ్యారీ కార్నీ 1927లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో చేరేటప్పటికి పదిహేడేళ్లవాడు. బారిటోన్ శాక్సఫోన్‌కి ఆయన పెట్టింది పేరు. క్లారినెట్టూ, బేస్ క్లారినెట్టూ ఆయనే వాయించేవారు. 1974లో ఎల్లింగ్టన్ చనిపోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. దాదాపు 47 ఏళ్లు, ఒకే కొలువు. జాజ్ అంటే స్థిరత్వం లేని బతుకని భయపెట్టే పెద్దలకి ఈ లెక్క చూపించవచ్చు.

ఇప్పటి బ్రాడ్‌వే సంగీత నాటకాల్లోనూ ఇదే పద్ధతి. వేదిక ముందు గోతిలో కూర్చునే వాద్యకారుడికి ఒక పుస్తకం ఇస్తారు. అందులో ఒక పాట క్లారినెట్‌కి, తర్వాతది టెనర్ శాక్సఫోన్‌కి, ఆ తర్వాతది ఫ్లూట్‌కి రాసి ఉంటుంది. 1957 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి రీడ్ వాద్యకారులు అయిదుగురే, కానీ వాళ్ల చేతుల మీదుగా నడిచే వాద్యాలు అంతకు ఎన్నో రెట్లు. అక్కడి వాద్యకారుల సంఘం ఒప్పందాల్లో ఒకటికి మించి వాద్యాలు వాయించినందుకు అదనపు వేతనం ఉంటుంది. పని ఒప్పుకునే ముందే ఆ మాట అడిగి రాయించుకోవాలి. ఎన్ని వాద్యాలు మోసుకురావాలో చెప్పకుండా ఒకే రేటు చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

చాలామంది ఈ రెండింటినీ అన్నదమ్ముల్లాంటి వాద్యాలనుకుని, ఒకటి వస్తే రెండోది నెలరోజుల్లో వచ్చేస్తుందనుకుంటారు. రాదు. శాక్సఫోన్ గొట్టం శంకువులా వెడల్పవుతూ పోతుంది. మంద్రంలో షడ్జమం పట్టుకుని వెనక మీట నొక్కితే పైస్థాయి షడ్జమమే పలుకుతుంది. క్లారినెట్ గొట్టం పొడవునా దాదాపు ఒకే వెడల్పు. అక్కడ షడ్జమం పట్టుకుని మీట నొక్కితే పైస్థాయి పంచమం వస్తుంది. అంటే కింద ఒక వేళ్ల లెక్క, పైన ఇంకో వేళ్ల లెక్క. పైగా శాక్సఫోన్ రంధ్రాలన్నిటికీ మూతలుంటాయి, క్లారినెట్‌లో చాలా రంధ్రాల్ని వేలి కొసతోనే మూయాలి. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం కీచుమంటుంది. పెదవి పట్టు కూడా క్లారినెట్‌కి బిగువుగా ఉండాలి. అందుకే క్లారినెట్‌తో మొదలుపెట్టి శాక్సఫోన్‌కి వెళ్లినవాళ్లకి దారి సులువు, అటునుంచి ఇటు వచ్చేవాళ్లకి కష్టం. అమెరికాలో స్కూలు బ్యాండులో పిల్లలకి వాద్యం ఎంచుకునే రోజు వచ్చినప్పుడు అక్కడి మన తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మేలు.

ఇప్పటికే శాక్సఫోన్ పట్టినవాళ్లు సాధనలో క్లారినెట్‌నే ముందు పెట్టండి. పెదవి అలిసిపోయాక దాన్ని పట్టుకుంటే తప్పుడు పట్టు అలవాటవుతుంది. దీర్ఘస్వరాలు, ఆ తర్వాత కింది స్థాయి నుంచి పైస్థాయికి దాటే చోటు, అప్పుడు పాట. ఆ దాటే చోటు దగ్గరే పరీక్షల్లో అందరూ దొరికిపోతారు. వాద్యం మార్చడం కూడా సాధన చేయాల్సిన విషయమే. స్టాండు మీద పది నిమిషాలు ఊరికే ఉన్న క్లారినెట్ చల్లబడి శ్రుతి దిగిపోతుంది, రీడ్ ఎండిపోతుంది. మీ వంతు రావడానికి ముందు శబ్దం రాకుండా లోపలికి వెచ్చని గాలి ఊదాలి. రెండో వాద్యానికి ప్లాస్టిక్ రీడ్ వాడటంలో చిన్నతనమేమీ లేదు, నాటకాల్లో వాయించేవాళ్లు చాలామంది చేసే పనే. కొత్త చెక్క క్లారినెట్‌ని మొదటి వారాల్లో రోజూ కొద్దిసేపే వాయించాలి, చలిలో బయటికి తీసుకెళ్లకూడదు. చెక్క పగిలిందంటే బాగుచేయించడానికి ఖర్చు, ఆ రోజుల సంపాదన రెండూ పోతాయి. ఆరుబయట కార్యక్రమాలకి ప్లాస్టిక్ క్లారినెట్ ఒకటి చాలు.

తర్వాతిది, చూసి వాయించడం. సిడ్నీ బెషేకి నొటేషన్ చదవడం వచ్చేది కాదు. క్లారినెట్‌తో మొదలై, 1919లో లండన్ వెళ్లినప్పుడు సొప్రానో శాక్సఫోన్ కొనుక్కుని, ఆ వాద్యానికి జాజ్‌లో చోటు సంపాదించి పెట్టిన మహానుభావుడాయన. అంతటివాడు కూడా 1930ల మాంద్యంలో పని దొరక్క, ట్రంపెట్ వాద్యకారుడు టామీ లాడ్నియర్‌తో కలిసి న్యూయార్క్ హార్లెమ్‌లో దర్జీ దుకాణం నడిపారు. చదవడం వచ్చి ఉంటే ఆ కష్టం తప్పేదని నేననను, ఆ మాంద్యం ఎందరినో ముంచింది. కానీ రేడియోలు, థియేటర్లు, స్టూడియోలు అప్పుడూ ఇప్పుడూ కాగితం ముందు పెట్టి వెంటనే వాయించమనే చోట్లు. బెషే చెవి మనకి లేదు. చదవడమైనా రావాలి.

లాస్ ఏంజెలెస్‌లో బడీ కొలెట్ కథ దీనికి నిదర్శనం. ఆయనకి శాక్సఫోన్, క్లారినెట్, ఫ్లూట్ మూడూ వచ్చేవి, కాగితం చూసి తడుముకోకుండా వాయించగలిగేవారు. ఆ ఊళ్లో అప్పట్లో వాద్యకారుల సంఘం రంగును బట్టి రెండుగా చీలి ఉండేది. స్టూడియో పనులు తెల్లవాళ్ల సంఘానికే పోయేవి. 1950 ప్రాంతంలో హాస్యనటుడు గ్రూచో మార్క్స్ ప్రసార కార్యక్రమానికి జెర్రీ ఫీల్డింగ్ నడిపే ఆర్కెస్ట్రాలో కొలెట్‌కి చోటు దొరికింది. నల్లవాళ్లకి మూసి ఉన్న తలుపు అది. ఆయనా, బెన్నీ కార్టరూ, ఇంకొందరూ పట్టుబట్టి పనిచేశాక 1953లో ఆ రెండు సంఘాలూ ఒకటయ్యాయి. సంఘానికి చందా కట్టడం దండగనుకునే కుర్రవాద్యకారులు ఈ సంగతి తెలుసుకోవాలి.

బెన్నీ కార్టర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ వృత్తిలో నాకు ఆదర్శం ఆయనే. 1907లో న్యూయార్క్‌లో పుట్టి, 2003లో తొంభై అయిదేళ్ల వయసులో పోయారు. 1920ల చివర మొదలైన రికార్డింగులు 1990ల దాకా సాగాయి. ఆల్టో శాక్సఫోన్ ప్రధానం, క్లారినెట్టూ ట్రంపెట్టూ కూడా. అయితే ఆయన్ని నిలబెట్టిన నైపుణ్యం ఇంకొకటి, రాత: పాటలో ఏ వాద్యం ఏం వాయించాలో రాసిపెట్టే అరేంజ్‌మెంట్ పని. అచ్చులో దొరికే అరేంజ్‌మెంట్ల భాగాల్ని నేలమీద పరుచుకుని, ఏ వాద్యం ఎక్కడ ఏం చేస్తోందో చూసి, ఎవరూ నేర్పకుండా అరేంజర్ అయ్యారు. 1936లో బీబీసీ డాన్స్ ఆర్కెస్ట్రాకి అరేంజర్‌గా లండన్ పిలిపించారు. అమెరికా వాద్యకారులు బ్రిటన్‌లో వాయించడానికి ఆంక్షలున్న కాలమది. వాయించనివ్వని చోట రాసి బతికారు. యుద్ధం తర్వాత పెద్ద బృందాలు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే, ఆయన అప్పటికే హాలీవుడ్‌లో సినిమాలకి, ఆ తర్వాత ‘ఎం స్క్వాడ్’ లాంటి టీవీ ధారావాహికలకి, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, సారా వాన్ లాంటి గాయనులకి రాస్తున్నారు. 1970లలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మళ్లీ శాక్సఫోన్ పట్టుకుని వేదికలెక్కారు.

కాబట్టి వాయించడం చాలినంత వచ్చేదాకా ఆగకుండా, ఇప్పటినుంచే రాయడం మొదలుపెట్టండి. నెలకొక పాట, మీకు తెలిసిన నలుగురైదుగురి కోసం, వాళ్లు నిజంగా పట్టగల వాద్యాలకి రాయండి. వాళ్లచేత వాయించుకుని వినండి. కాగితం మీద బాగున్నది వినేటప్పుడు ఎందుకు కుదరలేదో అక్కడే తెలుస్తుంది.

మన ఊళ్లలో బ్యాండు మేళంలో క్లారినెట్ పట్టి, పెళ్లి ఊరేగింపులో పాట విన్న వెంటనే వాయించే వాద్యకారులున్నారు. ఆ చెవి, ఆ ఊపిరి చిన్న ఆస్తులు కావు. వాళ్ల పిల్లలు నొటేషన్ చదవడం నేర్చుకుంటే రికార్డింగ్ స్టూడియోలూ, హోటళ్లలో వాయించే బృందాలూ వాళ్లకి అందని చోట్లేమీ కావు. కర్ణాటక నుంచి వచ్చిన కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్‌కి మార్పులు చేయించుకుని, గమకాలు పలికించి, మన కచేరీ వేదిక మీద దానికి గౌరవం తెచ్చారు. ఆ దారీ తెరిచే ఉంది.

ఇక డబ్బు. వాయించినందుకు ఆ రాత్రి చేతికొచ్చేది ఆ రాత్రితో సరి. సొంతంగా కట్టి రాసినదానికి ఏళ్ల తరబడి రావచ్చు. కార్టర్ 1936లో కట్టిన ‘వెన్ లైట్స్ ఆర్ లో’ని 1950లలో మైల్స్ డేవిస్ రికార్డు చేశారు, ఇవాళ్టికీ వాయిస్తున్నారు. అమెరికాలో స్వరకర్తల తరఫున ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థలు, మన దేశంలో ఐపీఆర్ఎస్ ఈ రాయల్టీలు వసూలు చేస్తాయి. సభ్యత్వం తీసుకుని, ప్రతి రచననీ నమోదు చేయించాలి. ఇద్దరు కలిసి కట్టిన పాటైతే ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. స్నేహితుణ్ని అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. రికార్డు బయటికి వచ్చాక అడగడం అంతకంటే కష్టం.