స్వేచ్ఛకు పొలిమేర

స్వేచ్ఛ యనగా తన యిష్టము వచ్చినట్లు నడచుకొనుటయే యని కొందఱు తలంతురు. మఱికొందఱు పదిమంది నడచు త్రోవను నడువని వానిని చూచి సహింపజాలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. స్వేచ్ఛకు పొలిమేర యెచ్చట నున్నదో ప్రతి పౌరుడును ఎఱిగి యుండవలెను.

భారత రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చెను. దాని 19వ అధికరణము పౌరులకు భావప్రకటన స్వేచ్ఛను, దేశమంతటను సంచరించు స్వేచ్ఛను, తగిన వృత్తి నవలంబించు స్వేచ్ఛను, మఱికొన్నిటిని ప్రసాదించినది. న్యాయమైన హద్దులను చట్టముచే విధింపవచ్చునని ఆ యధికరణమే చెప్పుచున్నది. పొలమును గట్టును కలిసి యున్నట్లు స్వేచ్ఛయు హద్దును అచట కలిసియే యున్నవి.

ఈ విషయము రెండు ఉదాహరణముల వలన తేటపడును.

ఒక యింట పెండ్లి జరుగుచున్నది. మైకులో పాటలు మ్రోగుచున్నవి. పాట వినుట ఆ యింటివారి స్వేచ్ఛ. కాని ప్రక్క యింట పరీక్షకు చదువుకొను బాలుడు కలడు. జ్వరముతో మూల్గుచున్న ముదుసలి కలదు. తెల్లవారకమునుపే పనికి పోవలసిన కూలివాడు కలడు. తమ యింటి రేడియోను వారు కట్టివేయగలరు గాని, పొరుగింటి మైకును కట్టివేయజాలరు. అందుచేతనే 2000వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము శబ్దకాలుష్య నియమములను చేసెను. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు ఆరుబయట మైకులు వాడరాదు. పండుగలకై ఏటా కొలది దినములు మాత్రము రాష్ట్ర ప్రభుత్వము అర్ధరాత్రి వఱకు సడలింపు నీయవచ్చును. ఒకనికి మాటలాడు హక్కు ఉన్నట్లే, ఇతరులకు దానిని వినుటకును వినకుండుటకును హక్కు కలదని సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పెను.

రెండవది మౌనమునకు సంబంధించినది. 1985లో కేరళ రాష్ట్రమున నొక పాఠశాలలో తోబుట్టువులైన ముగ్గురు పిల్లలు ఉదయమున జాతీయగీతమును పాడకుండిరి. వారు యెహోవా సాక్షులను క్రైస్తవ శాఖకు చెందినవారు. తమ విశ్వాసము అందుకు ఒప్పదని వారు చెప్పిరి. అయినను అందఱితోపాటు లేచి వినయముతో నిలుచుండిరి. ఎవరి పాటకును అడ్డు రాలేదు. అట్లయ్యు వారిని బడినుండి తొలగించిరి. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమున వారికి న్యాయము లభింపలేదు. తుదకు సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11వ తేదీన వారిని తిరిగి చేర్చుకొనవలెనని ఆజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డిగారు. గీతమును పాడితీరవలెనను చట్టము లేదనియు, గౌరవముతో నిలుచుండుట అవమానము కాదనియు, ఆ పిల్లలను తొలగించుట వారి భావస్వేచ్ఛకును మతస్వేచ్ఛకును భంగకరమనియు వారు నిర్ణయించిరి. సహనము మన సంప్రదాయమని కూడ వారు గుర్తుచేసిరి.

ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటి దానియందు పాటవలన పలువురు సంతోషించుచుండవచ్చును. అయినను అది పొరుగువాని నిద్రను చెఱచుచున్నది. కావున అచట హద్దు ఏర్పడినది. రెండవ దానియందు మౌనము పలువురకు నచ్చకపోయి యుండవచ్చును. అయినను దానివలన ఎవరికిని కీడు కలుగలేదు. కావున అచట స్వేచ్ఛ నిలిచినది. ఒకరికి కీడు కలుగుట వేఱు, మనకు నచ్చకపోవుట వేఱు.

నిత్యజీవితమున ఈ భేదమును గుర్తించుట కష్టము కాదు. తరగతిలో పాఠము జరుగుచుండగా బిగ్గఱగా ముచ్చటించువాడు తన స్వేచ్ఛను వాడుకొనుటలేదు. ఇతరుల చదువును అపహరించుచున్నాడు. వేఱు ఆహారము తినువాడును, వేఱు పండుగ చేసికొనువాడును ఎవరి సొమ్మును అపహరింపలేదు. మొదటివానిని మందలింపవచ్చును. రెండవవాని ప్రక్కన కూర్చుండి స్నేహముతో భుజింపవలెను. అట్లు చేయనేర్చిన బాలబాలికలు గల దేశమున స్వేచ్ఛ చిరకాలము నిలుచును.