ఇంగ్లీషు కవితకు తెలుగు తాత్పర్యం

అమెరికా బడుల్లో మన పిల్లలు ఆరేడు తరగతులకు వచ్చేసరికి ఇంగ్లీషు కవితలు చదివి, ప్రశ్నలకు జవాబులు రాయవలసి వస్తుంది. కథలను చకచకా చదివేసే పిల్లలు కూడా కవిత దగ్గర ఆగిపోతారు. "మాకు ఇంగ్లీషు కవిత్వం ఏం తెలుసు, ఏం చెప్పగలం?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. తప్పక చెప్పగలరు. తెలుగు బడిలో మేము వేమన పద్యం చెప్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'ది రోడ్ నాట్ టేకెన్' తీసుకుందాం. 1915లో 'అట్లాంటిక్ మంత్లీ'లో అచ్చయిన కవిత ఇది. నాలుగు చరణాలు, చరణానికి ఐదు పంక్తులు. పదిమంది నడవని దారిలో నడిస్తేనే గొప్పవాళ్లమవుతామన్నది దీని సారమని చాలామంది చెబుతారు. నిజంగా కవితలో అదే ఉందా?

అన్వయం: ఇంగ్లీషు కవులు కూడా ప్రాస కోసం మాటలను అటూ ఇటూ జరుపుతారు. కర్తను, క్రియను వెతికి మామూలు వాక్యంగా చెప్పమనండి.

ప్రతిపదార్థం: తెలిసిన మాటే మోసం చేస్తుంది. ఈ కవితలో దారిని 'ఫెయిర్' అన్నప్పుడు న్యాయం అనే అర్థం పొసగదు. చూడటానికి బాగుందని అర్థం.

తాత్పర్యం: చరణానికి ఒక్క వాక్యం, అదీ తెలుగులో.

1. ఆకులు పండిన అడవిలో దారి రెండుగా చీలితే, బాటసారి ఒకదాన్ని మలుపు దాకా చూశాడు.
2. గడ్డి ఎక్కువగా ఉందని రెండోదాన్ని పట్టాడు, కానీ రెండూ దాదాపు ఒకేలా అరిగాయని ఒప్పుకున్నాడు.
3. ఆ ఉదయం రెండింటిమీదా ఎవరూ తొక్కని ఆకులే ఉన్నాయి. మొదటి దారిని మరోనాటికి దాచుకున్నా, తిరిగి రాగలనన్న నమ్మకం లేదు.
4. ఎన్నో ఏళ్ల తర్వాత, తక్కువమంది నడిచిన దారిలో వెళ్లాననీ, అందుకే అంతా మారిందనీ నిట్టూరుస్తూ చెబుతానన్నాడు.

ఇప్పుడు రెండో వాక్యాన్ని, నాలుగోదాన్ని పక్కపక్కన పెట్టండి. రెండు దారులూ ఒకటేనని చూసినవాడే, రేపు వేరువేరని చెబుతానంటున్నాడు! అంటే ఇది ధైర్యం గురించిన నీతిపద్యం కాదు. ఏదో ఒక దారి ఎంచుకున్నాక మనిషి దానికి కారణాలు అల్లుకునే తీరు ఇది. 1912 నుంచి 1915 వరకు ఇంగ్లండులో ఉన్న ఫ్రాస్ట్‌కు ఎడ్వర్డ్ థామస్ అనే కవి మిత్రుడు. కలిసి షికారుకు వెళ్లినప్పుడల్లా, రెండో దారిలో వెళ్లి ఉంటే బాగుండేదని ఆయన వాపోయేవాడు. ఆయన్ను ఆటపట్టిస్తూ రాసిన కవిత ఇది. పేరులో ఉన్నది కూడా నడవని దారే.

తాత్పర్యం తెలుగులోనే ఎందుకు? ఇంగ్లీషులో చెప్పమంటే పిల్లలు కవి మాటలనే తిప్పి అప్పజెబుతారు. అర్థమైందో లేదో మనకు తెలియదు. తెలుగులో చెప్పాలంటే అర్థం కాకుండా కుదరదు. ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు, ఏం రాయాలనుకున్నామన్నది పక్కన పెట్టి ఏం రాశామో చూస్తాం కదా! కవితనూ అలాగే చూడాలి. 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాల్లో చదవడానికి సంబంధించిన మొదటి సూత్రం కూడా, చెప్పినదానికి పాఠం నుంచి ఆధారం చూపమనే.

ఇంటిపని: ఈ వారం మీ పిల్లల పుస్తకంలోని ఒక కవితకు ఇలాగే తాత్పర్యం చెప్పించండి. ప్రతి జవాబుకూ "ఏ పంక్తిలో ఉందమ్మా?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు కవిత్వంలో పాండిత్యం అక్కరలేదు.