చేతి బ్రేకు: దాని ప్రయోజనము, దాని ఫలితము



ఇప్పుడు మన గ్రామములలో కారు అరుదైన వస్తువు కాదు. సభలకును పెండ్లిండ్లకును వ్యాను మాట్లాడుకొని పోవుచున్నాము. అయితే డ్రైవరు ప్రక్కనున్న చేతి బ్రేకు ఎందుకని అడిగినయెడల, బండి నిలిపినప్పుడు లాగుటకని మాత్రమే అనేకులు చెప్పుదురు. ఆ జవాబు తప్పు కాదు గాని చాలదు.

మొదట దాని నిర్మాణము చూతము. కాలి బ్రేకు నూనెతో పనిచేయును. పాదముతో నొక్కగా గొట్టములలోని నూనె ఆ ఒత్తిడిని నాలుగు చక్రములకును చేర్చును. చేతి బ్రేకులో నూనె లేదు. పిడిని లాగినప్పుడు ఉక్కు తీగ బిగిసి, సాధారణముగా వెనుక చక్రములలోని షూలను డ్రమ్ముకు అదుమును. అప్పుడు వినబడు టకటక శబ్దము పిడి క్రిందనున్న పళ్ల ముక్కది. ఒక చీల ఆ పంటిలో పడి, మనము చేయి తీసినను తీగ సడలకుండ పట్టియుంచును. నూనె గొట్టము పగిలినను ఈ తీగకు నష్టము లేదు. మన దేశపు 1989 కేంద్ర మోటారు వాహనముల నియమావళి కాలి బ్రేకుతో పాటు వేరుగా పార్కింగు బ్రేకు కూడ కార్లకు ఉండవలెనని విధించినది.

అయినను దీనిని అత్యవసరపు బ్రేకు అని పిలుచుటలో కొంత మోసమున్నది. ఆ పేరు విని, గేదె అడ్డము వచ్చినప్పుడు దీనిని ఒక్కసారిగా లాగవలెనని తలంచువారున్నారు. అది మిక్కిలి హానికరము. వేగముగా పోవు బండి ఆగబోవునప్పుడు దాని బరువు ముందుకు వ్రాలును. బస్సు ఆగునప్పుడు మనమందరము ముందుకు తూలుదుము గదా, అట్లే. అప్పుడు వెనుక చక్రములు తేలికై నేలను అంతగా పట్టుకొనవు. చేతి బ్రేకు బిగించునది ఆ చక్రములనే. తిరుగుట మానిన చక్రము నేలమీద జారును. జారు చక్రమునకు ప్రక్క పట్టు పోవును గనుక బండి వెనుక భాగము ప్రక్కకు విసరబడి, కొన్నిసార్లు బండి మొత్తము వెనుదిరుగును. తడిసిన తారురోడ్డు మీదను కంకర మీదను ఇది మరి సులభముగా జరుగును. అంతేకాక రెండు చక్రములే పనిచేయుటవలన నిలుచుటకు చాల దూరము పట్టును.

మరి కాలి బ్రేకు నిజముగా తప్పిపోయినప్పుడు ఏమి చేయవలెను? పెడలును మాటిమాటికి త్వరగా నొక్కవలెను. కొంత ఒత్తిడి తిరిగి రావచ్చును. హారను కొట్టుచు, గేరును ఒక్కొక్కటిగా తగ్గించవలెను. తాళము తిప్పి ఇంజను ఆపరాదు, స్టీరింగు బరువెక్కును. బండిని తిన్నగా నుంచి, చేతి బ్రేకు కొనయందలి బొత్తామును బొటనవ్రేలితో నొక్కిపట్టి, కొంచెము కొంచెముగా లాగవలెను. బొత్తాము నొక్కియున్నంతవరకు చీల పంటిలో పడదు. వెనుక చక్రములు జారుచున్నట్లు తోచిన వెంటనే సడలింపవచ్చును. ఈ ఒక్క సంగతి మన డ్రైవర్లలో ఎందరికి నేర్పబడుచున్నదో మాకు సందేహమే.

తిరుమల, శ్రీశైలము, అనంతగిరి వంటి ఘాటు రోడ్లలో బండి నిలుపునప్పుడు చేతి బ్రేకు మీదనే భారము వేయరాదు. ఎత్తునకు ముఖముంచినయెడల మొదటి గేరు, పల్లమునకైతే రివర్సు గేరు వేసి, దొరలినను లోయవైపు గాక కొండవైపు పోవునట్లు ముందు చక్రములను త్రిప్పియుంచవలెను. ఆటోమేటిక్ బండ్లలో చేతి బ్రేకును ముందు లాగి, ఆ తరువాతనే గేరును పార్కులో పెట్టుట మేలు. లేనియెడల బరువంతయు గేరుపెట్టెలోని చిన్న చీల మీద పడును.

చేతి బ్రేకు దించుట మరచి బండి నడిపినయెడల షూలు రాచుకొని వేడెక్కి, కాలిన వాసన వచ్చును, త్వరగా అరిగిపోవును. ముందరి పలకమీది ఎఱ్ఱ దీపము దీనినే తెలుపును. పిడి దించినను ఆ దీపము ఆరనియెడల బ్రేకు నూనె తగ్గియుండవచ్చును. అట్టి బండిని ప్రయాణమునకు తీయరాదు. వానకాలములో వారముల తరబడి చేతి బ్రేకు లాగియుంచినయెడల షూలు త్రుప్పుతో డ్రమ్మునకు అంటుకొనును. అట్టి దినములలో బండిని సమమైన నేలను నిలిపి, గేరు వేసి, చక్రములకు అటు ఇటు రాళ్లు అడ్డము పెట్టిన చాలును. ఎద్దుబండి తోలిన మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు.

వాలుననున్న బండిలో పిల్లలను ఒంటరిగా విడువరాదు. పిడిని దించుటకు గొప్ప బలము అక్కరలేదు. ఆటగా బొత్తాము నొక్కిన చాలును. మరియు చక్రమునకు పెట్టిన రాతిని బయలుదేరునప్పుడు రోడ్డు మీదనే విడిచిపోవు అలవాటు ఘాటులలో విస్తారముగా కనబడుచున్నది. చీకటిలో వచ్చు మోటారు సైకిలు దానికి తగిలి పడును. రాతిని రోడ్డు అంచునకు తీసి వేసిన తరువాతనే బండి ఎక్కవలెను.